మిగిలిన యూనిట్ల లెక్క: కర్మాగారాలలో విద్యార్థుల విద్యుత్ పరిశీలన

వి.కోట కనుమ దాటి వచ్చి పేర్ణాంబట్టులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెద్దలు తోళ్ళ కర్మాగారాలలో పనిచేస్తుండగా, పిల్లలు గుడియాత్తంలోనో వేలూరులోనో పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదవడం ఇప్పుడు సాధారణమైన విషయం. చదువులో భాగంగా ఆ పిల్లలు ఏదో ఒక కర్మాగారానికి వెళ్ళి, అక్కడ విద్యుత్తు, కట్టెలు, ఆవిరి ఎక్కడెక్కడ వృథా అవుతున్నవో పరిశీలించి నివేదిక వ్రాయవలసి వస్తుంది. ఆ నివేదికలలో చివరి పుట దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ఈ సూచనలు అమలు చేసినట్లయితే ఏడాదికి ఇన్ని యూనిట్లు, ఇన్ని రూపాయలు ఆదా అవుతాయి. అక్కడితో నివేదిక ముగుస్తుంది, మార్కులు పడతాయి, విద్యార్థి మరుసటి సెమిస్టరులోకి వెళ్ళిపోతాడు.

ఈ పాఠం ఆ చివరి వాక్యం తరువాతి సంగతికి సంబంధించినది. సూచనలు అమలు అయినవా? అయితే, చెప్పినంత మిగిలినదా? మిగిలినదని ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్నలు పరీక్షలో రావు గాని, చిన్న కర్మాగారపు యజమానికి అసలైనవి ఇవే. విద్యార్థి మాట నమ్మి లక్ష రూపాయలు వెచ్చించిన వ్యక్తికి ఆ లక్ష తిరిగి రాకపోతే, మరొక విద్యార్థి బృందం ఆ గేటు ముందు నిలబడినప్పుడు తలుపు తెరుచుకోదు.

ముందుగా ఒక మాట గురించి చెప్పుకోవాలి. తమిళంలో బ్యాంకులో వేసుకునే సొమ్మును 'సేమిప్పు' అంటారు, విద్యుత్తును మిగిల్చడాన్ని కూడ 'సేమిప్పు' అంటారు. తెలుగులో మనకు రెండు మాటలు ఉన్నవి. పొదుపు అన్నది దాచుకున్న సొమ్ము. ఆదా అన్నది ఖర్చు కావలసినది కాకుండా మిగిలినది. ఈ తేడా ఇక్కడ బాగా పనికివస్తుంది. దాచుకున్న సొమ్మును పెట్టె తెరచి లెక్కపెట్టవచ్చు. ఖర్చు కానిదానిని ఏ పెట్టెలోనూ చూడలేము, ఏ మీటరూ చూపదు. మీటరు చూపేది ఖర్చయిన యూనిట్లను మాత్రమే. కనుక ఆదాను కొలవడమంటే, మార్పు చేయకపోయి ఉంటే ఎంత ఖర్చయి ఉండేదో ముందు నిర్ణయించి, అందులో నుండి వాస్తవంగా ఖర్చయినదానిని తీసివేయడం. ప్రపంచమంతటా ఇంజనీర్లు అనుసరించే 'ఇంటర్నేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్‌మెంట్ అండ్ వెరిఫికేషన్ ప్రోటోకాల్' అనే నియమావళికి మూలం ఈ ఒక్క ఆలోచనే. 1990ల నడుమ రూపొందిన ఆ గ్రంథం పెద్దది. దాని సారం మాత్రం ఏడవ తరగతి గణితానికి మించినది కాదు.

విద్యార్థులే నడిపే ఇటువంటి కార్యక్రమాలలో అత్యంత దీర్ఘమైన చరిత్ర అమెరికాలోని 'ఇండస్ట్రియల్ అసెస్‌మెంట్ సెంటర్స్' ది. 1976లో నాలుగు విద్యాసంస్థలతో, వేరొక పేరుతో అది ప్రారంభమైనది. అప్పటికి చమురు సంక్షోభం వచ్చి మూడేండ్లు. పెద్ద కర్మాగారాలకు సొంత ఇంజనీర్లు ఉంటారు. చిన్న, మధ్యతరహా కర్మాగారాలకు ఉండరు. ఆ లోటును విశ్వవిద్యాలయ విద్యార్థులతో పూరించాలన్నది సంకల్పం. కళాశాలకు 150 మైళ్ళ లోపున ఉండి, 500 మందికి తక్కువ పనివారున్న కర్మాగారాలను ఎన్నుకునేవారు. ఒక ఆచార్యుని పర్యవేక్షణలో విద్యార్థి బృందం ముందుగా పన్నెండు నెలల బిల్లులు తెప్పించుకొని చదువుతుంది. ఆ తరువాత ఒక్క రోజు కర్మాగారంలో తిరుగుతుంది. మోటార్లు, బాయిలర్లు, దీపాలు, గాలి గొట్టాలు కొలుస్తుంది. అరవై రోజులలో నివేదిక అందజేస్తుంది. యజమాని రుసుము చెల్లించనక్కరలేదు.

ఇంతవరకు మన కళాశాలల ప్రాజెక్టుకు, దానికి పెద్ద భేదం లేదు. భేదం ఆ తరువాత మొదలవుతుంది. నివేదిక ఇచ్చిన ఆరు నుండి తొమ్మిది నెలల తరువాత అదే కేంద్రంవారు యజమానిని మళ్ళీ పలకరించి, ఒక్కొక్క సూచనను పేరుపేరున అడుగుతారు: దీనిని చేశారా, చేయలేదా, చేయకపోతే కారణమేమి? ఆ సమాధానం కర్మాగారం పేరు లేకుండా, ఏ పరిశ్రమ, ఏ రాష్ట్రం, ఎంత పెట్టుబడి, ఎంత ఆదా అన్న వివరాలతో అందరికీ అందుబాటులో ఉండే ఒక పట్టికలో చేరుతుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయం చాలాకాలం నిర్వహించిన ఆ పట్టికలో ఇరవై వేలకు పైగా కర్మాగారాల పరిశీలనలు ఉన్నవి. సూచనలు లక్షకు మించి ఉన్నవి. చేయని సూచనలు కూడ చేసిన వాటి పక్కనే నమోదు అయి ఉండడం దాని గొప్పతనం. వైఫల్యాన్ని దాచని పట్టిక కనుకనే పరిశోధకులకు అది గని అయినది.

ఆ గనిని త్రవ్వినవారిలో ఇద్దరిని ప్రస్తావించాలి. సోరెన్ ఆండర్సన్, రిచర్డ్ న్యూయెల్ అనే ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన వ్యాసంలో, సూచనలలో దాదాపు సగం మాత్రమే అమలవుతున్నవని తేల్చారు. పెట్టుబడి ఏడాది, రెండేండ్లలో తిరిగి రాకపోతే యజమానులు ముందుకు రావడం లేదు. అంతేకాక, ఏటా మిగిలే సొమ్ముకన్న మొదట పెట్టవలసిన సొమ్మే వారి నిర్ణయాన్ని ఎక్కువగా ప్రభావితం చేస్తున్నది. చిట్టీ పాడుకునే మన పెద్దలకు ఈ సంగతి ఏ ఆర్థికవేత్తా చెప్పనక్కరలేదు! చేతిలో ఉన్న పది వేలకు, ఏడాది పొడుగునా వస్తుందని చెప్పే పదిహేను వేలకు మధ్య మనిషి మనసు ఎటు మొగ్గుతుందో అందరికీ తెలుసు.

రెండవ పరిశోధన మరింత విచిత్రమైనది. సురేశ్ ముత్తులింగం, మరి ముగ్గురు కలసి 2013లో ప్రచురించిన వ్యాసంలో, అదే పట్టికను పరిశీలించి, నివేదికలో ముందు వ్రాసిన సూచనలు వెనుక వ్రాసినవాటికన్న ఎక్కువగా అమలవుతున్నవని చూపారు. లాభనష్టాలు సమానంగా ఉన్నా వరుసను బట్టి అదృష్టం మారుతున్నదన్న మాట. విద్యార్థులు తమకు కష్టంగా తోచిన లెక్కను గర్వంగా మొదట వ్రాసి, గాలి గొట్టం చిల్లి మూయడం వంటి అల్పమైన పనిని చివరి పుటలో పెడుతుంటారు. అది తారుమారు చేయవలసిన వరుస.

అయితే ఆ అమెరికా లెక్కలో ఒక లోపం ఉన్నది, దానిని స్పష్టంగా చెప్పుకోవాలి. ఆరు నెలల తరువాత అడిగే ప్రశ్న 'చేశారా?' అన్నది మాత్రమే. యజమాని 'చేశాను' అనగానే, విద్యార్థి నివేదికలో అంచనాగా వ్రాసిన యూనిట్లే ఆదా అయినట్లు పట్టికలో చేరుతాయి. రెండవసారి మీటరు పెట్టి చూడడం సామాన్యంగా జరగదు. అంచనా ఎక్కువైతే ఆదా కూడ ఎక్కువగానే కనిపిస్తుంది. మరొక వైపు, తొమ్మిది నెలల తరువాత, యంత్రం పాతబడి మార్చవలసి వచ్చినప్పుడు అమలు చేసిన సూచనలు లెక్కలోకి రాకుండా పోతాయి. విద్యార్థులు రాకపోయినా యజమాని ఎలాగూ చేసి ఉండే పనులు వారి ఖాతాలోకి చేరుతాయి. ఈ మూడు పొరపాట్లు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయని అనుకోవడానికి ఆధారం లేదు. అడగడం మంచి అలవాటు. కొలవడం వేరే పని. మన విద్యార్థులు ఆ రెండవ పని కూడ నేర్చుకోవచ్చు, ఎందుకంటే కర్మాగారం వారి వీధి చివరనే ఉన్నది. 150 మైళ్ళు ప్రయాణించనక్కరలేదు.

ఇక మన ఊరి టానరీకి వద్దాము. పచ్చితోళ్ళను నానబెట్టడం, సున్నం వేయడం, డ్రమ్ములలో పదును చేయడం, రంగు వేయడం, ఆరబెట్టడం, చివర రంగు చిమ్మి మెరుగు పెట్టడం: ఈ వరుసలో విద్యుత్తు తినేవి ముఖ్యంగా డ్రమ్ముల మోటార్లు, నీటి పంపులు, కంప్రెసర్, ఆరబెట్టే యంత్రాలు, వ్యర్థజల శుద్ధిలోని ఏరేటర్లు. వేడినీటికి, ఆవిరికి చాలాచోట్ల కట్టెల బాయిలరు ఉంటుంది. కట్టెల లెక్క వేరుగా చేయాలి; ఈ పాఠంలో విద్యుత్తును మాత్రమే తీసుకుంటున్నాము.

ఒక టానరీ ఉన్నదనుకుందాము. ఇందులోని అంకెలు లెక్క నేర్చుకోవడానికి కల్పించినవి. మార్పులు చేయకముందు ఒక నెలలో 60,000 చదరపు అడుగుల తోలు తయారైనది, 18,000 యూనిట్లు ఖర్చయినవి. విద్యార్థుల సూచనలు అమలు చేసిన తరువాత ఒక నెలలో ఆర్డర్లు తగ్గి 40,000 చదరపు అడుగులే తయారైనవి, ఖర్చు 13,000 యూనిట్లు. ఆదా ఎంత?

బిల్లు చూసే యజమాని 5,000 యూనిట్లు మిగిలినవంటాడు. కొంచెం చదువుకున్న గుమాస్తా ఇంకొక లెక్క చేస్తాడు: మొదట చదరపు అడుగుకు 0.30 యూనిట్, ఇప్పుడు 0.325 యూనిట్. అంటే ఆదా లేకపోగా, పరిస్థితి చెడినదని అతని తీర్పు. ఇద్దరూ ఒకే కాగితం చూస్తున్నారు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరి లెక్కా తప్పే.

ఎందుకు తప్పో చూడాలంటే, విద్యుత్తులో రెండు భాగాలు ఉన్నవని గుర్తించాలి. తోలు ఎంత తయారైనా, కాకపోయినా ఖర్చయ్యే భాగం ఒకటి: దీపాలు, ఆఫీసు, ఏరేటర్లు, గొట్టాలలో కారిపోయే గాలి. తోలుతో పాటు పెరిగే, తగ్గే భాగం మరొకటి. ఈ రెండింటిని విడదీయడానికి పన్నెండు నెలల బిల్లులు, పన్నెండు నెలల ఉత్పత్తి పుస్తకం, ఒక గ్రాఫు కాగితం చాలు. అడ్డంగా ఉత్పత్తి, నిలువుగా యూనిట్లు వేసి పన్నెండు చుక్కలు పెడితే, అవి రమారమి ఒక గీత మీద కనబడతాయి. మన టానరీలో 70,000 చదరపు అడుగుల నెలకు 20,000 యూనిట్లు, 30,000 చదరపు అడుగుల నెలకు 12,000 యూనిట్లు ఆ గీత చూపినదనుకుంటే, 40,000 చదరపు అడుగుల తేడాకు 8,000 యూనిట్ల తేడా. అంటే చదరపు అడుగుకు 0.2 యూనిట్. 70,000 అడుగులకు ఆ లెక్కన 14,000. మిగిలిన 6,000 యూనిట్లు ఉత్పత్తితో సంబంధం లేని స్థిరభాగం. ఈ గీతనే ఆధారరేఖ అంటారు.

ఇప్పుడు ప్రశ్న సరిగా అడగవచ్చు. మార్పులు చేయకపోయి ఉంటే, 40,000 చదరపు అడుగుల నెలకు ఎంత ఖర్చయి ఉండేది? 6,000కు 8,000 కలిపితే 14,000. వాస్తవంగా ఖర్చయినది 13,000. ఆదా 1,000 యూనిట్లు. యజమాని అనుకున్న దానిలో అయిదో వంతు. గుమాస్తా అనుకున్నట్లు నష్టం మాత్రం కాదు.

ఈ భేదం రూపాయలలో ఎట్లా ఉంటుందో చూడండి. లెక్క సౌలభ్యం కోసం యూనిట్ 8 రూపాయలనుకుందాము. మార్పులకు 96,000 రూపాయలు ఖర్చయితే, యజమాని లెక్కలో నెలకు 40,000 మిగులుతున్నది కనుక రెండున్నర నెలలలోపే పెట్టుబడి చేతికి వచ్చేసింది. నిజమైన లెక్కలో నెలకు 8,000 మిగులుతున్నది కనుక ఏడాది పడుతుంది. మూడవ నెలలో ఆ ధైర్యంతో ఇంకొక యంత్రానికి అప్పు చేస్తే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

మరొక జాగ్రత్త. గ్రాఫు కాగితం మీద చుక్కలు గీతకు సరిగ్గా అంటుకొని ఉండవు. ఒక నెల కొంత పైన, ఒక నెల కొంత క్రింద ఉంటాయి. ఆ చెదురు 800 యూనిట్ల వరకు ఉన్న టానరీలో, ఒక్క నెల చూసి 1,000 యూనిట్లు ఆదా అని ప్రకటించడం తొందరపాటు. ఆరు నెలలు వరుసగా గీత క్రిందనే చుక్కలు పడితే అప్పుడు నమ్మవచ్చు.

లెక్క ఎప్పుడూ యూనిట్లలో మొదలుపెట్టి చివరన రూపాయలలోకి మార్చాలి. తమిళనాడులో విద్యుత్ ధరలు 2022 సెప్టెంబరులో, 2023 జూలైలో, 2024 జూలైలో మారినవి. నిరుటి బిల్లును, ఈ ఏటి బిల్లును రూపాయలలో పోల్చినవారికి, యూనిట్లు తగ్గినా సొమ్ము పెరిగినట్లు కనిపించవచ్చు. బిల్లులో యూనిట్ల ధరతో పాటు ఇతర రుసుములు కూడ ఉంటాయి. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ పెడితే అపరాధ రుసుము తగ్గి సొమ్ము మిగులుతుంది, యూనిట్లు మాత్రం పెద్దగా మారవు. అది లాభమే, కాని దానిని విద్యుత్తు ఆదా క్రింద వ్రాయరాదు. వేరొక వరుసలో వ్రాయాలి.

ఉత్పత్తిని దేనితో కొలవాలన్నది కూడ చిన్న ప్రశ్న కాదు. టానరీలో పచ్చితోలు కిలోలలో వస్తుంది, తయారైన తోలు చదరపు అడుగులలో పోతుంది. కొన్ని నెలలు సగం పదునైన తోలును బయటి నుండి కొని రంగు మాత్రమే వేస్తారు. అప్పుడు డ్రమ్ముల పని తగ్గుతుంది, చదరపు అడుగులు మాత్రం తగ్గవు. దానిని గమనించని విద్యార్థికి, ఎవరూ ఏమీ చేయకుండానే ఆదా కనిపిస్తుంది. ఈ సంగతి ఏ బిల్లులోనూ ఉండదు. డ్రమ్ము దగ్గర నిలబడే మనిషికి తెలుసు. 'అన్నా, ఈ నెల పచ్చితోలు ఎన్ని లోడ్లు వచ్చినాయి?' అని తెలుగులో అడిగితే ఆయన రెండు నిమిషాలలో చెబుతాడు. తెలుగు ఇంటి పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉన్నది. తండ్రి, మేనమామ పనిచేసే చోట వారు ఇన్‌స్పెక్టర్లలాగా కనబడరు. గళ్ళ కాగితం పట్టుకొని వచ్చిన అపరిచితుణ్ణి చూస్తే ఏ మేస్త్రీ అయినా మాట తగ్గిస్తాడు. ఆయనను తప్పు పట్టలేము.

మొత్తం కర్మాగారపు మీటరు మీద ఆధారపడకుండా, ఒక్కొక్క పనిని విడిగా కొలవడం మరొక పద్ధతి. దానికి ఉత్తమమైన ఉదాహరణ గాలి లీకు. రంగు చిమ్మే తుపాకులకు కంప్రెసర్ నుండి గాలి వెళ్ళే గొట్టాలు పాతబడి, బిగింపుల దగ్గర కారుతుంటాయి. 7 బార్ పీడనం వద్ద 3 మిల్లీమీటర్ల చిల్లి నుండి పోయే గాలికి కంప్రెసర్ సుమారు 3 కిలోవాట్ల విద్యుత్తు వెచ్చిస్తుంది. దీనిని కొలవడానికి చేతి గడియారం చాలు. మధ్యాహ్నం భోజన సమయంలో గాలి వాడే పరికరాలన్నీ ఆపి, కంప్రెసర్‌ను మాత్రం నడవనివ్వాలి. ఎవరూ గాలి వాడడం లేదు కనుక, అది లోడు తీసుకున్న ప్రతి నిమిషమూ కారిపోయే గాలి కోసమే. లోడులో 2 నిమిషాలు, లోడు లేకుండా 6 నిమిషాలు నడిస్తే, మొత్తం 8లో 2, అంటే కంప్రెసర్ శక్తిలో నాలుగో వంతు గొట్టాలలోనే పోతున్నది. బిగింపులు మార్చిన తరువాత మళ్ళీ అదే భోజన సమయంలో కొలిచినప్పుడు 1 నిమిషం లోడు, 9 నిమిషాల విరామం వస్తే, పదో వంతుకు తగ్గినది. ముందూ వెనుకా ఒకే పద్ధతి, ఒకే పీడనం ఉండాలి. పీడనం తగ్గిస్తే లీకు దానంతట అదే తగ్గుతుంది. బిగింపుల వల్ల తగ్గినదెంతో, పీడనం వల్ల తగ్గినదెంతో తెలియకుండా పోతుంది. రబ్బరు వాషర్లు మళ్ళీ అరుగుతాయి కనుక ఈ కొలతను ఆరు నెలలకొకసారి చేయవలసి ఉంటుంది. ఒకసారి మిగిలినది ఎల్లకాలం మిగులుతుందన్న లెక్క నివేదికలలో తరచు కనిపించే దోషం.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఒకటి చెప్పాలి. టానరీలో విద్యుత్తు అన్నిటికన్న సులభంగా మిగిల్చే మార్గమేది? ఏరేటర్లు ఆపివేయడం. స్విచ్చు ఒకటి క్రిందికి దింపితే చాలు, ఆధారరేఖ క్రిందికి చుక్క దిగిపోతుంది. పైన చెప్పిన లెక్క ఏదీ దానిని పట్టుకోలేదు. చదరపు అడుగులు అంతే, యూనిట్లు తక్కువ. కాగితం మీద అది అందమైన ఆదా. నీటిలోని మాలిన్యాన్ని తినే సూక్ష్మజీవులకు గాలి అందక అవి చస్తాయి, నీరు శుద్ధి కాకుండానే బయటికి పోతుంది, ఆ నీరు చివరికి చేరేది పాలారు పరీవాహకంలోని బావులకు. 1996 ఆగస్టు 28న సుప్రీం కోర్టు వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో ఇచ్చిన తీర్పు ఈ జిల్లా టానరీల మురుగునీటి గురించినదే. కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశపు న్యాయంలో భాగమని ఆ తీర్పు ప్రకటించినది. శుద్ధి కేంద్రాలు ఈనాడు విద్యుత్తు తినడం ఆ తీర్పు ఫలితాలలో ఒకటి. అది వృథా కాదు, చాలాకాలం చెల్లించకుండా ఉన్న ఖర్చు.

అందుచేత ఆదా లెక్కకు ఒక షరతు ఉండాలి: చేయవలసిన సేవ తగ్గకూడదు. ఏరేటర్ల సందర్భంలో శుద్ధి తొట్టిలోని నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను ముందు, తరువాత కొలిచి రెండు అంకెలను యూనిట్ల పక్కనే వ్రాయాలి. మోటారును మార్చి, అదే ఆక్సిజన్‌ను తక్కువ విద్యుత్తుతో అందించినట్లయితే అది ఆదా. ఇదే షరతు పనివారికి కూడ వర్తిస్తుంది. రసాయనాల వాసన ఉండే గదిలో గాలిపంకాలు ఆపడం, తోలు ఏరే బల్లల మీద వెలుతురు తగ్గించడం ద్వారా వచ్చిన యూనిట్లను ఆదా వరుసలో వ్రాసే విద్యార్థి, ఖర్చును యజమాని పుస్తకం నుండి పనివాని ఒంటి మీదికి మార్చి వ్రాస్తున్నాడు.

చట్టం వైపు నుండి కొంత చెప్పుకోవాలి. మన దేశంలో శక్తి పరిరక్షణ చట్టం 2001లో వచ్చినది, దాని అమలుకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2002 మార్చి 1న ఏర్పడినది. పెద్ద పరిశ్రమలకు 2012 నుండి 'పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్' పథకం ఉన్నది. అందులో టన్ను ఉత్పత్తికి ఎంత శక్తి అన్నది అధికారిక ఆడిటర్లు సరిచూస్తారు, ఉత్పత్తి తేడాలను సవరించి లెక్కకడతారు. సిమెంటు, ఉక్కు, ఎరువులు, కాగితం వంటివి ఆ పథకం మొదటి విడతలో చేరినవి. తోలు అందులో లేదు. గుడియాత్తం అగ్గిపెట్టెల పరిశ్రమా లేదు. మన ఊళ్ళలోని చిన్న కర్మాగారాలకు కొలిచే బాధ్యత చట్టం విధించలేదు, కొలిచి పెట్టే మనిషి కూడ సాధారణంగా దొరకడు. విద్యార్థులకు చోటు ఉన్నది ఇక్కడే.

వారి కొలత నిలవాలంటే బృందాల మధ్య అప్పగింత ఉండాలి. మూడవ సంవత్సరం విద్యార్థులు పరిశీలన చేస్తే, ఫలితం కొలవవలసిన నాటికి వారు చదువు ముగించి వెళ్ళిపోతారు. కనుక కళాశాలలో ఒక దస్తావేజు పుస్తకం ఉండడం మేలు: ఏ కర్మాగారం (పేరుకు బదులు అంకె), ఆధారరేఖలోని రెండు సంఖ్యలు, ఒక్కొక్క సూచన, దాని అంచనా, అమలు అయిన తేదీ, తరువాత కొలిచిన ఆదా, చేయని సూచనకు యజమాని చెప్పిన కారణం. రెండవ బృందం మొదటి బృందపు అంచనాలను పరీక్షిస్తుంది. తన లెక్కను తరువాతివారు సరిచూస్తారని తెలిసిన విద్యార్థి మొదటి నుండే జాగ్రత్తగా వ్రాస్తాడు. అంచనా 3,000 యూనిట్లు, కొలిచినది 1,200 అని పుస్తకంలో ఉండడం సిగ్గుపడవలసినది కాదు. అదే సూచనను తరువాతి కర్మాగారంలో ఎంతకు అంచనా కట్టాలో ఆ అంకె నేర్పుతుంది.

విద్యార్థి నేర్చుకున్నది కూడ ఒక ఫలితమే. అమెరికా కార్యక్రమం తన పట్టభద్రులలో ఎందరు ఇదే వృత్తిలోకి వెళ్ళారో కూడ లెక్క పెట్టుకుంటూ వచ్చినది. మన పిల్లలలో కొందరు రేపు అధికారిక ఎనర్జీ ఆడిటర్ పరీక్ష వ్రాయవచ్చు. అయితే ఆ ఫలితాన్ని యూనిట్లతో కలిపి చెప్పకూడదు. శిక్షణ బాగున్నదన్న మాట, బిల్లు తగ్గలేదన్న మాటకు సమాధానం కాదు.

అభ్యాసం

ఒక టానరీలో ఆధారరేఖ ఇట్లా తేలినది: స్థిరభాగం నెలకు 4,000 యూనిట్లు, చదరపు అడుగుకు 0.25 యూనిట్. మార్పులకు ముందు ఒక నెల ఉత్పత్తి 40,000 చదరపు అడుగులు, ఖర్చు 14,000 యూనిట్లు. తరువాత ఒక నెల ఉత్పత్తి 56,000 చదరపు అడుగులు, ఖర్చు 16,500 యూనిట్లు. (అ) ఆదా ఎంత? (ఆ) ఆ నెలలో 26 పనిదినాలలోనూ 7.5 కిలోవాట్ల ఏరేటర్ ఒకటి రోజుకు 6 గంటలు తక్కువగా నడిచినదని ఆపరేటర్ చెప్పినాడు. ఇప్పుడు ఆదా ఎంత?

జవాబు. (అ) మార్పులు లేకపోతే ఖర్చు కావలసినది 4,000 + 14,000 = 18,000. ఆదా 1,500 యూనిట్లు, బిల్లు మాత్రం 2,500 యూనిట్లు పెరిగినట్లు చూపుతుంది. చదరపు అడుగు లెక్కన చేసినవారికి 3,100 యూనిట్ల ఆదా కనిపిస్తుంది, అది ఎక్కువ. (ఆ) ఏరేటర్ ఆపినందువల్ల తగ్గినవి 7.5 × 6 × 26 = 1,170 యూనిట్లు. వాటిని తీసివేస్తే మిగిలేది 330. నివేదికలో వ్రాయవలసిన అంకె అదే. దాని క్రింద ఏరేటర్ ఎందుకు ఆగినదో ఒక వాక్యం ఉండాలి.